కంపెనీ సస్పెన్షన్ మార్చే ముందు ఒకసారి కొలిచి చూడండి

ప్రశ్న: నా బరువు 92 కిలోలు. రెండేళ్ల క్రితం కొన్న 650 సీసీ బైకు ఇప్పటికి 24,000 కిలోమీటర్లు తిరిగింది. బ్రేకు వేయగానే ముందు భాగం బాగా కిందికి దిగిపోతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు అంత మెత్తగా ఉండి కూడా, గుంత అంచు తగిలినప్పుడు మాత్రం దెబ్బను నేరుగా మణికట్టు దాకా తెస్తుంది. వెనక నా భార్య కూర్చుంటే మలుపుల్లో బండి ఊగినట్టు ఉంటుంది. ముందు ఫోర్కుకు తిప్పి సరిచేసుకునే ఏర్పాటు ఏదీ లేదు. వెనక షాక్ అబ్జార్బర్‌కు ఏడు మెట్ల రింగు ఉంది, దాన్ని నేనెప్పుడూ కదపలేదు. చిక్కటి ఫోర్క్ ఆయిల్ పోస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ముందూ వెనకా మొత్తం మార్చేయమని స్నేహితుడు అంటున్నాడు. షోరూములో అడిగితే ఈ మోడల్ ఇంతేనన్నారు. కంపెనీ ఇచ్చే సస్పెన్షన్ నిజంగా అంత నాసిరకమా? నేనేం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట, ఒకే ఫోర్కు మెత్తగానూ ఉంది, గట్టిగానూ ఉంది అన్నది. ఈ సమస్య ఉన్నవాళ్లు సాధారణంగా రెండిట్లో తమను ఎక్కువ బాధపెట్టేదాన్నే చెబుతారు, మెకానిక్ ఆ ఒక్కదానికే మందు వేస్తాడు, దాంతో రెండోది మరింత ముదురుతుంది. మీరు రెండూ రాశారు కాబట్టి, మీ ఫోర్కు లోపల ఏముందో విప్పి చూడకుండానే చాలావరకు ఊహించవచ్చు.

సస్పెన్షన్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. స్ప్రింగు బరువును మోస్తుంది, దెబ్బ తగిలినప్పుడు నొక్కుకుని ఆ శక్తిని తనలో దాచుకుంటుంది. కానీ దాచుకున్నదాన్ని అది తిరిగి ఇచ్చేస్తుంది. ఆపేవాళ్లు లేకపోతే బండి చాలాసేపు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అణిచేది ఆయిల్. ఇరుకు దారుల గుండా దాన్ని బలవంతంగా పంపినప్పుడు చలనశక్తి వేడిగా మారిపోతుంది. దీన్నే డంపింగ్ అంటాం. బ్రేకు వేసినప్పుడు ముందు భాగం ఎంత లోతుకు దిగుతుందన్నది ప్రధానంగా స్ప్రింగు చేతిలో ఉంటుంది, ఎంత వేగంగా దిగుతుందన్నది ఆయిల్ చేతిలో ఉంటుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే మీకు వచ్చిన సలహాల్లో ఏది దేనికి పనికొస్తుందో మీరే తేల్చుకోగలుగుతారు.

మీ ఫోర్కు చాలావరకు డ్యాంపర్ రాడ్ రకం అయి ఉంటుంది. తక్కువ ఖర్చుతో తయారయ్యే బండ్లలో కొన్ని దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది: ఒక గొట్టం, దానికి కొన్ని రంధ్రాలు, ఆ రంధ్రాల గుండా కదిలే ఆయిల్. స్థిరమైన రంధ్రంలోంచి ద్రవాన్ని నెట్టినప్పుడు ఎదురయ్యే నిరోధం వేగంతో సమంగా పెరగదు. దాదాపు వేగపు వర్గంతో పెరుగుతుంది. ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లవుతుంది. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నిదానంగానే దిగుతుంది కాబట్టి ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి ఇంచుమించు అడ్డు లేకుండా జారిపోతుంది. పదునైన గుంత అంచు చక్రాన్ని ఒక్కసారిగా పైకి తన్నినప్పుడు అదే ఆయిల్ ఆ రంధ్రాల దగ్గర గోడ కట్టినట్టు నిలబడిపోతుంది, దెబ్బ హ్యాండిల్‌కు చేరుతుంది. రంధ్రాలు చిన్నవి చేస్తే దిగడం తగ్గి దెబ్బ పెరుగుతుంది, పెద్దవి చేస్తే దెబ్బ తగ్గి దిగడం పెరుగుతుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ ఒకే కారణం నుంచి పుట్టినవే.

కార్ట్రిడ్జ్ ఫోర్కులో రంధ్రాల బదులు పిస్టను, దాని మీద పలుచని ఉక్కు వాషర్ల దొంతర ఉంటాయి. ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ వాషర్లు వంగి ఆయిల్‌కు దారి వెడల్పు చేస్తాయి కాబట్టి, నిదానపు కదలికలో పట్టు ఉంటుంది, వేగపు కదలికలో గోడ ఏర్పడదు. ఖరీదు తేడా ఎక్కడినుంచి వస్తుందో చెప్పడానికి ఈ దొంతర ఒక్కటి చాలు. ఫోర్కు బయటి రూపాన్ని చూసి మాత్రం తీర్మానించకండి. తలకిందులుగా బిగించిన లావు కాళ్ల ఫోర్కు వంగకుండా గట్టిగా నిలుస్తుందన్నది నిజమే గానీ, లోపల డంపింగ్ ఎలాంటిదో ఆ రూపం చెప్పదు. కాలు మీద ఉన్న పేరు కూడా చెప్పదు. షోవా, కేవైబీ వంటి సస్పెన్షన్ తయారీ సంస్థలు పోటీ బండ్లకు చేసేవీ వాళ్లే, రోజువారీ బండ్లకు అడిగిన ధరలో చేసి ఇచ్చేవీ వాళ్లే. 1999లో వచ్చిన సుజుకీ ఎస్‌వీ650 అందుకు మంచి ఉదాహరణ: ఇంజనూ చట్రమూ ఎంతోమంది మెచ్చుకున్నవి, ఫోర్కు మాత్రం డ్యాంపర్ రాడ్ రకం. చిన్న స్థాయి పందేల్లో దాన్ని నడిపినవాళ్లు ఇంజను జోలికి వెళ్లకముందే ఫోర్కు విప్పేవారు.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయన్నది మీ అసలు ప్రశ్నలో భాగమే. ఇంజను శక్తి ఒక అంకె, డిస్‌ప్లే ఒక బొమ్మ. రెండూ ప్రకటనలో కనబడతాయి. డంపింగ్ నాణ్యత కాగితం మీద కనబడదు, షోరూములో బండిని నిలబెట్టి రెండుసార్లు నొక్కితే తెలియదు, చిన్న టెస్ట్ రైడ్‌లో కూడా చాలామందికి తెలియదు. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు కోత ముందు అక్కడే పడుతుంది. రెండో కారణం ఇంతకన్నా న్యాయమైనది: 55 కిలోల మనిషీ, 110 కిలోల మనిషీ, ఒంటరిగా వెళ్లేవాళ్లూ, వెనక మనిషినీ సామానునూ వేసుకుని వెళ్లేవాళ్లూ కొనే బండికి కంపెనీ ఒకే స్ప్రింగును ఎంచుకోవాలి. సాధారణంగా ఆ ఎంపిక 75 కిలోలకు అటూ ఇటూ ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని జరుగుతుంది. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: మీ సస్పెన్షన్‌లో కొంత భాగం నిజంగానే చౌకరకం, కొంత భాగం వేరే బరువు కోసం చేసింది, కొంత భాగం 24,000 కిలోమీటర్లలో అరిగిపోయింది. ఈ మూడిట్లో చివరి రెండింటినీ తక్కువ ఖర్చుతో సరిచేయవచ్చు, చాలాసార్లు వాటితోనే బండి మారిపోతుంది. ఈ మోడల్ ఇంతేనన్న షోరూము మాట మొదటి భాగానికి మాత్రమే వర్తిస్తుంది.

కొలతలకు ముందు టైర్లలో గాలి చూడండి, చల్లగా ఉన్నప్పుడే, మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం. గాలి ఎక్కువైన టైరు చిన్న అదురులన్నిటినీ పైకి పంపుతుంది, నింద ఫోర్కు మీద పడుతుంది. తర్వాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను నిదానంగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గంటు పడి ఆగినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని చట్రానికి కలిపే చేయి) దగ్గర ఆట ఉండకూడదు. ఒకసారి ఒక మిత్రుడు మలుపుల్లో బండి నిలకడగా లేదని ఎంతో ఖర్చు పెట్టి వెనక షాక్ అబ్జార్బర్ మార్పించి, మార్పేమీ లేదని నన్ను పిలిచాడు. విప్పి చూస్తే స్వింగ్‌ఆర్మ్ బేరింగుల్లో గ్రీజు అన్నదే లేదు, వాటిలోని సూదుల్లాంటి రోలర్ల మీద తుప్పు పేరుకుంది. ఆ కొత్త షాక్ అబ్జార్బర్ ఏ లోపమూ లేనిది, పాపం దానికి పని చేసే అవకాశమే రాలేదు.

ఇప్పుడు అసలైన పని, సాగ్ కొలవడం. సాగ్ అంటే బరువుకు సస్పెన్షన్ దిగే దూరం. దీనికి టేపు, ఇద్దరు సహాయకులు, ఒక కాగితం కావాలి. వెనక వైపు చక్రం ఇరుసు నుంచి, సరిగ్గా దాని పైన తోక భాగంలో మీరు పెట్టుకున్న గుర్తు వరకు కొలవాలి. ముందు వైపు ఫోర్కులో మెరిసే గొట్టం ఎంత పొడవు బయటికి కనబడుతుందో అది కొలవాలి. మొదటి కొలత చక్రం గాలిలో వేలాడుతూ సస్పెన్షన్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు. రెండోది బండి తన చక్రాల మీద నిటారుగా, మనిషి లేకుండా ఉన్నప్పుడు. మూడోది మీరు హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా ఎక్కి, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, రోడ్డు మీద కూర్చునే తీరులో కూర్చున్నప్పుడు. ఒకరు బండిని పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్ల దగ్గర రాపిడి వల్ల ఫోర్కు ప్రతిసారీ ఒకే చోట ఆగదు. అందుకని రెండో, మూడో కొలతలను రెండేసిసార్లు తీయాలి: ఒకసారి బండిని కిందికి నొక్కి నిదానంగా వదిలి, మరోసారి కొద్దిగా పైకి లేపి నిదానంగా దించి. రెండింటి సగటు తీసుకోవాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా మరీ ఎక్కువగా, పది పదిహేను మిల్లీమీటర్లు దాటి ఉంటే ఫోర్కులో రాపిడి ఎక్కువగా ఉందని అర్థం, దాని సంగతి కింద చెబుతాను.

మొదటి కొలత నుంచి మూడోది తీసేస్తే వచ్చేది మీతో కలిపి సాగ్. మొదటిదాన్నుంచి రెండోది తీసేస్తే వచ్చేది బండి ఒంటరి సాగ్. చక్రం 120 నుంచి 130 మిల్లీమీటర్లు కదిలే మామూలు రోడ్డు బండికి మీతో కలిపి ముందూ వెనకా 30 నుంచి 40 మిల్లీమీటర్లు, ఒంటరిగా వెనక వైపు 5 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ దూరం కదిలే బండ్లకు మొత్తం దూరంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు అని లెక్క వేసుకోవచ్చు. ఈ దిగుడు ఉండి తీరాలి, ఎందుకంటే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను వదలకుండా ఉండటానికి కావలసిన దూరం అదే.

సాగ్ ఎక్కువుంటే వెనక రింగు తిప్పి ప్రీలోడ్ పెంచుతారు, అంటే స్ప్రింగును ముందుగానే ఇంకొంత నొక్కి ఉంచుతారు. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని దాదాపు అందరూ అనుకుంటారు, గట్టిపడదు. ఉదాహరణకు ఫోర్కులో ఒక్కో స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 9 న్యూటన్లు కావాలనుకుందాం. రెండూ కలిసి 18. ముందు చక్రం మీద 18 కిలోల బరువు పెరిగితే ఫోర్కు సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. 10 మిల్లీమీటర్ల ప్రీలోడ్ పెంచితే బండి మళ్లీ ఆ 10 మిల్లీమీటర్లూ లేస్తుంది. కానీ ఆ తర్వాత ఇంకో 18 కిలోలు పడితే, మునుపటిలాగే ఇంకో 10 మిల్లీమీటర్లు దిగుతుంది. మారింది బండి నిలబడే ఎత్తు మాత్రమే. స్ప్రింగు మెత్తనిదైతే దాన్ని మార్చడం తప్ప ఇంకో దారి లేదు.

మెత్తనిదో కాదో తేల్చేది బండి ఒంటరి సాగ్. మీరు కూర్చున్నప్పటి సాగ్‌ను 35 మిల్లీమీటర్లకు తేవడానికి రింగును చాలా తిప్పాల్సి వచ్చి, మీరు దిగగానే బండి పూర్తిగా పైకి లేచి, ఒంటరి సాగ్ సున్నాకు చేరితే స్ప్రింగు మీకు మెత్తనిది. అందుకు విరుద్ధంగా మీరు కూర్చున్నప్పుడు 35 సరిగ్గా ఉండి, ఒంటరి సాగ్ 20 దాటితే స్ప్రింగు మీకు గట్టిది. చదవగానే ఇది తారుమారుగా తోస్తుంది గానీ, రెండు మూడుసార్లు కొలిస్తే అలవాటవుతుంది. మీ విషయంలో వెనక వైపు మొదటి ఫలితం వస్తుందనే నా అంచనా. ఎందుకంటే కంపెనీ లెక్క కన్నా మీరు 17 కిలోలు ఎక్కువున్నారు, పైగా వెనక కూర్చున్నవారి బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. వెనక భాగం అలా కుంగినప్పుడు ముందు ఫోర్కు ఏటవాలు పెరుగుతుంది, బండి మలుపులోకి మొండిగా తిరుగుతుంది, మిగిలిన కొద్ది దూరంలో ఎగిరి పడుతుంది. మీరు ఊగడం అంటున్నది చాలావరకు ఇదే. ఏడు మెట్లలో మీరెప్పుడూ కదపని ఆ రింగుతోనే మొదలుపెట్టండి: ఇద్దరు వెళ్లే రోజుకు ఒక మెట్టు, ఒంటరిగా వెళ్లే రోజుకు ఒక మెట్టు కొలిచి గుర్తు పెట్టుకోండి. మెట్టు మార్చినప్పుడు హెడ్‌లైటు వెలుగు ఎత్తు కూడా మారుతుంది కాబట్టి, దాన్నీ సరిచూసుకోండి.

ఇక ఫోర్క్ ఆయిల్. ఇంజన్ ఆయిల్‌ను క్రమం తప్పకుండా మార్చేవాళ్లు కూడా దీన్ని మరిచిపోతారు. చాలా మాన్యువళ్లలో ఫోర్కు లీకవుతోందేమో చూడమనే తప్ప ఆయిల్ మార్చమని ఉండదు. అందులో వడపోత లేదు; స్ప్రింగు నుంచి, గొట్టాలు జారేచోట ఉండే బుష్‌ల నుంచి రాలిన సన్నని లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది. 20,000 కిలోమీటర్లు దాటాక నల్లగా, బూడిద రంగు మడ్డితో బయటికి వచ్చే ఆయిల్‌ను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు. మీరు ఏం చేసినా చేయకపోయినా ఈ ఆయిల్‌ను మార్పించండి, బుష్‌లు, సీళ్లు చూడమనండి. ఎంత పోయాలన్నది మిల్లీలీటర్ల లెక్కలో కన్నా, స్ప్రింగు తీసి ఫోర్కును పూర్తిగా నొక్కి పైఅంచు నుంచి ఆయిల్ మట్టం ఎంత దిగువన ఉందో కొలిచి పోస్తే కచ్చితంగా వస్తుంది. ఆ పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. మట్టం కొద్దిగా పెంచితే ఫోర్కు చివరి భాగంలో గట్టిబడి, బ్రేకు వేసినప్పుడు అడుగు దాకా వెళ్లి కొట్టుకోవడం తగ్గుతుంది.

మీ మెకానిక్ చెప్పిన చిక్కటి ఆయిల్‌కు మాత్రం నేను ఒప్పుకోను. ఆయన దురుద్దేశంతో చెప్పలేదు, ఎన్నో ఏళ్లుగా అందరూ చేస్తున్న చిట్కా అది. కానీ చిక్కటి ఆయిల్ దిగే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప దిగే లోతును తగ్గించదు. బ్రేకు రెండు సెకన్లు పట్టి ఉంచితే ఫోర్కు అదే చోటికి చేరుతుంది. గుంత అంచు దగ్గరి దెబ్బను ఇంకా పెంచుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి ఇంకొకటుంది: చిక్కటి ఆయిల్ ఫోర్కు తిరిగి పైకి లేచే కదలికను కూడా నిదానం చేస్తుంది. వరుసగా గుంతలు వచ్చినప్పుడు ఒకదాని నుంచి తేరుకోకముందే రెండోది తగులుతుంది, ఫోర్కు మెట్టు మెట్టుగా కిందికి కూరుకుపోతుంది, చివరికి కదలడానికి చోటు లేక రాయిలా తయారవుతుంది. నడిపేవాళ్లకు అది స్ప్రింగు గట్టిదనంలా తోస్తుంది, మరుసటి మార్పు తప్పుదారిలో చేస్తారు. ఇంకో సూచన: డబ్బా మీద 10డబ్ల్యూ అని ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల ఆయిళ్లు ఒకే చిక్కదనంతో ఉండవు. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెంటీస్టోక్‌లలో (చిక్కదనానికి కొలమానం) ఇచ్చే అంకెనే పోల్చి కొనండి.

ఫోర్కుకు నేను సూచించేది మీ బరువుకు తగిన స్ప్రింగులు. కంపెనీ ఇచ్చేవి తరచుగా పైభాగంలో దగ్గర చుట్లతో, కింద దూరం చుట్లతో ఉంటాయి. తేలికైనవాళ్లనూ బరువైనవాళ్లనూ ఇద్దరినీ మెప్పించాలన్న ప్రయత్నం అది. మీలాంటి బరువుకు ఆ మెత్తని చుట్లు కూర్చోగానే నొక్కుకుపోతాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టిదనం ఉన్న స్ప్రింగును బరువును బట్టి ఎంచుకుంటే బ్రేకు వేసినప్పటి దిగుడు వెంటనే తగ్గుతుంది. ముందు వైపు రింగు లేదు కాబట్టి, లోపల స్ప్రింగు పైన కూర్చునే గొట్టపు ముక్క పొడవును మార్చి సాగ్ సరిచేయించుకోవాలి. ఫోర్కు ఎలాగూ విప్పుతున్నారు కనుక, డ్యాంపర్ రాడ్ మీద కూర్చునే కవాటాలు మీ బండికి దొరికితే అప్పుడే వేయించండి. రేస్ టెక్ గోల్డ్ వాల్వ్ ఎమ్యులేటర్ల పేరుతో ఎక్కువమందికి తెలిసినవి ఇవే. స్ప్రింగు ఆధారంగా తెరుచుకునే ఆ కవాటం పదునైన దెబ్బకు ఆయిల్‌ను వదిలేస్తుంది, నిదానపు కదలికలో పట్టి ఉంచుతుంది. పైన చెప్పిన వర్గపు లెక్కకు ఇది సూటిగా విరుగుడు.

తిరిగి బిగించేటప్పుడు ఒక చిన్న పని చాలామంది వదిలేస్తారు. ఇరుసు బిగించాక, దాన్ని పట్టి ఉంచే కాలి దగ్గరి బోల్టును బిగించే ముందు బండిని దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కాలి. అప్పుడు రెండు కాళ్లూ సమాంతరంగా కుదురుకుంటాయి. ఇది చేయకపోతే ఒక కాలు ఇంకోదాని వైపు లాగబడి, సాగ్ కొలతల్లో కనబడిన ఆ అదనపు రాపిడి పుడుతుంది.

వెనక షాక్ అబ్జార్బర్ విషయం వేరు. ఈ తరగతి బండ్లలో అది తరచుగా ఒకే గదిలో ఆయిల్, గ్యాసు కలిసి ఉండే రకం, మూత నొక్కి మూసేసింది. విప్పి ఆయిల్ మార్చడానికి వీలుండదు. చెడ్డ రోడ్డు మీద ఎక్కువసేపు వెళితే ఆయిల్ వేడెక్కి పలుచనవుతుంది, గ్యాసు బుడగలతో కలిసి నురుగు కడుతుంది, పట్టు పోతుంది. ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియాన్ డి కార్బన్ 1950లలోనే తేలే పిస్టనుతో ఆయిల్‌నూ ఒత్తిడితో ఉన్న గ్యాసునూ వేరు చేసి దీనికి పరిష్కారం చూపాడు, మంచి షాక్ అబ్జార్బర్లలో చాలావరకు ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. మీదాన్ని పరీక్షించడానికి, అరగంట గతుకుల రోడ్డు మీద వెళ్లి వచ్చిన వెంటనే సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి అక్కడే నిలబడితే ఇంకా పనికొస్తుంది. లేచి మళ్లీ దిగి మళ్లీ లేస్తే దాని కాలం తీరింది. తీరినప్పుడు మరమ్మతు చేయించుకునే వీలున్న, రీబౌండ్‌ను, అంటే నొక్కుకున్నాక తిరిగి లేచే వేగాన్ని, తిప్పి సరిచేసుకునే వీలున్న, మీ బరువుకూ వెనక కూర్చునేవారి బరువుకూ స్ప్రింగు ఎంచి ఇచ్చేవాళ్ల దగ్గర తీసుకోండి. ఎంత పేరున్న కంపెనీదైనా, తప్పు స్ప్రింగుతో వచ్చిన షాక్ అబ్జార్బర్ మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందినే తిరిగి తెస్తుంది.

మీ స్నేహితుడు చెప్పినట్టు ముందూ వెనకా ఒకేసారి మార్చకండి. ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో మీకు తెలియకుండా పోతుంది. ఈ వారం గాలి, బేరింగులు, వెనక రింగు, సాగ్ కొలతలు చూడండి. తర్వాత ఫోర్క్ ఆయిల్, స్ప్రింగులు, కవాటాలు ఒకే విప్పుడులో పూర్తి చేయించండి. కనీసం వెయ్యి కిలోమీటర్లు మీకు బాగా తెలిసిన రోడ్ల మీద నడిపాక, వెనకదాని సంగతి చూడండి. ప్రతి మార్పునూ తేదీతో, కిలోమీటర్లతో రాసి పెట్టుకోండి.

ముందూ వెనకా మీతో కలిపి సాగ్, ఒంటరి సాగ్, ఈ నాలుగు అంకెలతో పాటు జాకెట్, హెల్మెట్‌తో కలిపి మీ బరువు, మీ భార్య బరువు, వెనక రింగు ఏ మెట్టులో ఉందో రాసి పంపండి. స్ప్రింగు గట్టిదనం ఎంత ఉండాలో అప్పుడు లెక్క కట్టి చెబుతాను.